రిటైర్మెంట్ డబ్బుతో విమానం కిట్టు

ప్రశ్న: మాది విశాఖ ఎంవీపీ కాలనీ. మావారు స్టీల్‌ప్లాంట్‌లో మెకానికల్ పని చేసి మొన్ననే రిటైరయ్యారు. వచ్చిన డబ్బులోంచి 18 లక్షలు అడ్వాన్సు కట్టి, విదేశం నుంచి రెండు సీట్ల విమానం కిట్టు తెప్పించి మేడ మీద బిగిస్తానంటున్నారు. ఆ మోడల్ ఇప్పటిదాకా ఒక్కటే ఎగిరిందట, అదీ కంపెనీదే. నెలాఖరులోగా కడితే రాయితీ అట. అమ్మాయి పెళ్లి ఇంకా కాలేదు. వద్దన్నానని మూడు రోజులుగా మాటల్లేవు.

జవాబు: ఏళ్ల తరబడి యంత్రాలతో గడిపిన మనిషి చేతులు ఊరికే ఉండవమ్మా. ‘ఈ వయసులో విమానమేంటి’ అన్న మాట మళ్లీ అనకండి. అడ్వాన్సు సంగతి మాత్రం వదలొద్దు, అక్కడ మీ భయంలో న్యాయముంది.

అమెరికాలో 1970ల్లో బీడీ-5 అనే ఒంటి సీటు కిట్టుకు వేలమంది డబ్బు కట్టారు. ఇంజిన్లు ఇవ్వాల్సిన జర్మన్ కంపెనీ మధ్యలో దివాలా తీసింది. ఇంజిన్ రాక ఎన్నో కిట్లు షెడ్లలోనే ఉండిపోయాయి. 1979కల్లా అసలు కంపెనీ కూడా మునిగింది. అంతెందుకు, ఎన్నో వేల విమానాలు ఎగిరిన ఆర్‌వీ కిట్ల సంస్థ వ్యాన్స్ సైతం 2023 డిసెంబరులో దివాలా రక్షణ కోరింది.

కంపెనీని మీవారి చేతే అడిగించండి. ఎన్ని అమ్మారో వద్దు, కొన్నవాళ్లు కట్టినవి ఎన్ని ఎగిరాయి? రెక్క మీద ఇసుక బస్తాలు పేర్చి పరీక్షించారా? విమానం బరువుకు 3.8 రెట్ల భారానికి (దాన్నే 3.8 జీ అంటారు) డిజైను చేసిన రెక్క ఒకటిన్నర రెట్లు, అంటే 5.7 జీ వరకు విరగకుండా నిలవాలి. రిపోర్టు పంపమనండి. ఇక ఖాళీ బరువు, అంటే మనుషులు, పెట్రోలు, సామాను లేకుండా విమానం బరువు. కొత్త డిజైన్లలో బ్రోషర్ అంకె తరచూ తప్పేది ఇక్కడే. అన్నీ కలిపి ఎగరగలిగే బరువు 600 కిలోలు, ఖాళీ బరువు 340 అనుకోండి. మిగిలేది 260. ఇద్దరు మనుషులకు 160, 80 లీటర్ల పెట్రోలుకు సుమారు 58 పోగా 42 కిలోలు ఉంటాయి. కట్టాక ఖాళీ బరువు 40 పెరిగిందంటే చేతిసంచికి కూడా చోటుండదు. ఈ లెక్క ఆయన్నే కాగితం మీద వేయమనండి, మీకంటే బాగా అర్థమవుతుంది.

అనుమతుల మాట కూడా ఉంది. ముంబైలో మేడ మీద విమానం కట్టిన కెప్టెన్ అమోల్ యాదవ్‌కు 2017లో రిజిస్ట్రేషన్ వచ్చింది, ఎగరడానికి పర్మిట్ 2019లో గానీ రాలేదు. ఆయన వృత్తిరీత్యా పైలటు. మీవారికి లైసెన్సు ఉందో లేదో మీరు రాయలేదు. మన ఎయిర్‌పోర్టు రన్‌వే నేవీది. ఎక్కడ ఉంచుతారో, ఎక్కడి నుంచి ఎగురుతారో విమానాలకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ డీజీసీఏకు ముందే రాసి అడగాలి.

పెళ్లి డబ్బు మీ ఇద్దరి పేరా ఎఫ్‌డీ వేశాక, మిగిలిన దాంట్లోంచి విమానం తోక భాగం కిట్టు ఒక్కటి తెప్పించుకోమనండి. అన్నిటికంటే చవక భాగం అదే. రివెట్లు కొట్టడం, డ్రాయింగులు చదవడం, కంపెనీ జవాబిచ్చే తీరు, అన్నీ అందులోనే తేలిపోతాయి. ఇంజిన్ అన్నిటికంటే ఆఖరున కొనాలి. ముందే తెస్తే వారంటీ కరిగిపోతుంది, ఉప్పుగాలికి లోపల తుప్పు పడుతుంది. అల్యూమినియం రేకులకు బిగించకముందే ప్రైమర్ వేయాలి. మేడ మీద రేకుల షెడ్డు మాత్రం వద్దు, 2014 హుద్‌హుద్‌కు ఎయిర్‌పోర్టు పైకప్పే నిలవలేదు.

రాయితీ గడువు పోతుందని కంగారు పడితే, తోక కిట్టుకూ అదే రాయితీ ఇస్తారేమో అడగమనండి.