పాత ల్యాప్‌టాప్ మీద భారం పడకుండా సోషల్ మీడియా పోస్టులు చూడటం ఎలా?

చదవడమే పనైతే బ్రౌజర్ అక్కర్లేదు, ఆర్ఎస్ఎస్ రీడర్ (సైట్లలోని కొత్త పోస్టుల జాబితాను, అంటే ఫీడ్‌ను, తెచ్చి చూపే ప్రోగ్రామ్) చాలు. లినక్స్‌లో లైఫ్‌రియా, కమాండ్లు టైప్ చేసే టెర్మినల్ అలవాటుంటే న్యూస్‌బోట్ ఇంకా తేలిక.

మాస్టడాన్ ప్రొఫైల్ అడ్రస్ చివర 'డాట్ ఆర్ఎస్ఎస్', బ్లూస్కైకైతే 'స్లాష్ ఆర్ఎస్ఎస్' అని ఇంగ్లిష్ అక్షరాల్లో చేర్చి రీడర్‌లో పేస్ట్ చేయండి. పబ్లిక్ పోస్టులే కనిపిస్తాయి. ఫాలోయర్లకు మాత్రమే పెట్టినవి రావు. రెడిట్‌కూ డాట్ ఆర్ఎస్ఎస్సే, కానీ దానికి ఓపిక తక్కువ: చాలా సబ్‌రెడిట్లను (రెడిట్‌లోని చర్చా గ్రూపులను) మాటిమాటికీ రిఫ్రెష్ చేస్తే 429 ఎర్రర్ (మరీ ఎక్కువసార్లు అడిగారని అర్థం) వస్తుంది. గంటకోసారి చాలు. న్యూస్‌బోట్‌లో ఆటో రీలోడ్ మొదట ఆఫ్‌లో ఉంటుంది, కాన్ఫిగ్ ఫైల్‌లో ఆన్ చేయాలి.

యూట్యూబ్ ఫీడ్ తాజా 15 వీడియోలే చూపిస్తుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఫీడ్ ఇవ్వవు కాబట్టి వాటికి బ్రౌజరే గతి.