చెల్లెలి కూతురికి: క్రంబుల్‌లో ఏ పండు, పైన ఏం వేయాలి

నాటింగ్‌హామ్

అమ్మడూ,

పండు ముక్కల మీద పిండి, వెన్న, పంచదార కలిపిన పొడి చల్లి ఓవెన్‌లో కాల్చే ఈ ఇంగ్లండ్ తీపి, క్రంబుల్, దాని కొలతలు పంపమని అడిగావు. పంపుతున్నాను. కానీ కొలతలు ఎక్కడైనా దొరుకుతాయి. ఏ పండుకి ఏది కలపాలి, పైన ఏది వేస్తే బాగుంటుంది అన్నది ఎవరైనా చెబితేనే తెలుస్తుంది. మీ అత్తగారు వచ్చేలోపు ఒకసారి చేసి చూసుకునే టైమ్ నీకుంది కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. ఆవిడ గుడ్డు ముట్టరు. ఈ దేశపు తీపి వంటకాల్లో చాలా వాటిలో గుడ్డు ఉంటుంది, జెల్లీలో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. క్రంబుల్‌లో పండు, మైదా, వెన్న, పంచదార తప్ప ఏమీ లేవు. ఆవిడ నిశ్చింతగా తినొచ్చు, నువ్వు టెన్షన్ లేకుండా పెట్టొచ్చు.

అన్నిటికన్నా ముందు ఒక మాట గుర్తుపెట్టుకో. పులుపు లేని పండుతో క్రంబుల్ చేయకు. పండు కొనేటప్పుడు తియ్యగా ఉందా అని చూడటం మనకి అలవాటు. దీనికి మాత్రం పుల్లగా ఉందా అని చూడాలి. పైన వేసే పొడిలో పంచదారా వెన్నా బోలెడు ఉంటాయి. కింద పండు కూడా తియ్యగా ఉంటే నాలుగు చెంచాలకే మొహం మొత్తుతుంది. కింద పులుపు తగలాలి, ఆ పులుపుని పైనున్న తీపి సర్దాలి. చింతకాయ పచ్చడి, మామిడికాయ పప్పు తిని పెరిగిన నోళ్లు మనవి, ఇది మనకి ఎవరూ నేర్పక్కర్లేదు.

అందుకే ఆపిల్ క్రంబుల్‌కి ఇక్కడివాళ్లు బ్రామ్లీ అనే రకం వాడతారు. సూపర్ మార్కెట్‌లో మిగతా ఆపిల్స్ పక్కనే, ఆకుపచ్చగా, పెద్దగా, కొంచెం వంకరటింకరగా ఉంటుంది. పచ్చిగా కొరికితే పళ్లు పులుస్తాయి. దీని పుట్టిల్లు మా జిల్లాలోనే, సౌత్‌వెల్ అనే చిన్న ఊళ్లో. 1809లో మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫర్డ్ అనే అమ్మాయి నాటిన గింజ చెట్టయింది. తర్వాత ఆ ఇల్లు కొన్న మాథ్యూ బ్రామ్లీకి మాంసం కొట్టు ఉండేది. 1856లో హెన్రీ మెర్రీవెదర్ అనే నర్సరీ కుర్రాడు అంట్లు కట్టుకుంటానని అడిగితే, సరే కానీ పండుకి నా పేరే పెట్టాలన్నాడట ఆయన. నాటిన పిల్ల పేరు పండుకి దక్కలేదు. అది తలుచుకున్నప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది. ఈ రోజు దేశమంతా ఉన్న బ్రామ్లీ చెట్లన్నీ ఆ ఒక్క చెట్టు అంట్ల నుంచి వచ్చినవే.

బ్రామ్లీలో పులుపు ఎక్కువ, తీపి తక్కువ, అందుకే ఉడికితే మెత్తగా పొంగి గుజ్జయిపోతుంది. రుచి అద్భుతం, కానీ మొత్తం గుజ్జే అయితే నోటికి పట్టు ఉండదు. నేను రెండు వంతులు బ్రామ్లీ వేసి, ఒక వంతు కాక్స్ గానీ బ్రేబర్న్ గానీ కలుపుతాను. అవి ముక్కలుగా నిలబడతాయి. ఒక్కరకం ఆపిలే ఉంటే ఆ పూటకి గ్రానీ స్మిత్ పరవాలేదు. గాలా, పింక్ లేడీ లాంటి తీపి రకాలతో మాత్రం వద్దు. తప్పదంటే నిమ్మకాయ రసం గట్టిగా పిండు.

ఆపిల్‌తో నాకు అన్నిటికన్నా ఇష్టమైన జోడీ బ్లాక్‌బెర్రీ. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మీ ఇంటి దగ్గర కాలవగట్ల మీద, ఫుట్‌పాత్‌ల పక్కన ముళ్ల పొదల్లో విరగకాస్తుంది. కొనకు, వెళ్లి కోసుకో. రోడ్డుకి ఆనుకుని ఉన్నవి, కుక్కల ఎత్తులో ఉన్నవి వదిలెయ్. ముట్టుకోగానే చేతిలోకి రాలే పండే పండినట్టు. సెప్టెంబరు 29న మైకేల్మస్ పండగ దాటితే సైతాను వాటి మీద ఉమ్మేస్తాడని ఇక్కడి ముసలివాళ్లు అంటారు. ఆ మాటలో నిజమూ ఉంది, అప్పటికి వానలకి పండు నీరుగారి బూజు పడుతుంది. మూడు వంతులు ఆపిల్, ఒక వంతు బ్లాక్‌బెర్రీ సరిపోతుంది. అంతకు మించితే గింజలు పళ్లలో ఇరుక్కుంటాయి, రసం ఎక్కువై పైపొడి తడుస్తుంది.

ఇక రూబార్బ్, పండులా వండుకునే పుల్లటి కాడ. నువ్వు లీడ్స్‌లో ఉండి దీన్ని వండకపోతే నేను ఊరుకోను. వేక్‌ఫీల్డ్, మోర్లీ, రోత్‌వెల్ మధ్య ఉన్న ప్రాంతాన్ని రూబార్బ్ ట్రయాంగిల్ అంటారు. అన్నీ నీకు దగ్గరే. అక్కడ దుంపల్ని రెండేళ్లు పొలంలో పెంచి, చలి తగలనిచ్చి, చీకటి షెడ్లలోకి మారుస్తారు. వెలుతురు పడకుండా వెచ్చగా ఉంచితే కాడలు గులాబీ రంగులో లేతగా పెరుగుతాయి. కొవ్వొత్తుల వెలుగులో కోస్తారు. 2010లో ఆ యార్క్‌షైర్ రూబార్బ్‌కి యూరప్‌లో మన జీఐ ట్యాగ్ లాంటి గుర్తింపు కూడా వచ్చింది. జనవరి నుంచి మార్చి దాకా దొరికేది ఇదే. ఏప్రిల్ నుంచి వచ్చేది బయట పొలంలో పెరిగిన ముదురు రకం, దానికి పంచదార ఇంకాస్త పట్టాలి.

దీని విషయంలో ఒక హెచ్చరిక. పెరట్లో రూబార్బ్ మొక్క ఉంటే దాని పెద్ద ఆకులు చూసి పప్పులో వేద్దామనిపిస్తుంది, మన చెయ్యి అలాంటిది. వేయకు. ఆకు విషం. తినేది కాడ ఒక్కటే. కాడని మాత్రం పప్పులో వేసుకో, గోంగూర దొరకని వారాల్లో ఆ లోటు కొంత తీరుస్తుంది.

క్రంబుల్‌కి రూబార్బ్‌ని బొటనవేలు పొడవు ముక్కలు కోసి, పంచదార, నారింజ తొక్క తురుము, అర చెంచా శొంఠి పొడి కలుపు. అమ్మ పంపిన శొంఠి నీ దగ్గర ఉంటుంది కదా, అదే. ఇక్కడివాళ్లు పాకంలో నిలవ చేసిన అల్లం ముక్కలు వేస్తారు, అదీ బాగుంటుంది, కానీ శొంఠి ఘాటు వేరు. దాల్చినచెక్క మాత్రం వద్దు. క్రంబుల్ అనగానే అందరూ దాల్చినచెక్క పొడి కుమ్మరిస్తారు. ఆపిల్‌కి చిటికెడు చాలు, రూబార్బ్‌కి అసలు సరిపడదు. స్ట్రాబెర్రీ కలిపితే రూబార్బ్ పులుపు తగ్గి పిల్లలకి నచ్చుతుంది. స్ట్రాబెర్రీ ఒక్కదాంతోనే చేయాలని చూడకు, వేడికి నీళ్లయిపోతుంది.

జూన్, జులైలో గూస్‌బెర్రీ వస్తుంది. మన ఉసిరికాయ అంత ఉంటుంది, పులుపూ ఘనమే. ఎల్డర్‌ఫ్లవర్ కార్డియల్ అని పూల సిరప్ అమ్ముతారు, అది రెండు చెంచాలు పోస్తే చాలు. ఆగస్టు చివర విక్టోరియా ప్లమ్స్ వస్తాయి, వాటికి బాదం తోడు. పియర్స్ నాకు అంత ఇష్టం లేదు, పులుపు ఉండదు కాబట్టి. చేయాలంటే గుప్పెడు క్రాన్‌బెర్రీలు కలుపు.

మామిడి సంగతి నువ్వు అడుగుతావని తెలుసు. వేసవిలో మన దుకాణాల్లో మామిడి పెట్టెలు దిగగానే నాకూ చెయ్యి ఊరుకోదు. కానీ బాగా పండిన బంగినపల్లిని ఓవెన్‌లో పెట్టడం దానికి అన్యాయం, అది కోసుకుని తినాల్సిన పండు. కాస్త గట్టిగా, దోరగా ఉన్నవి తీసుకుని, సమానంగా రాస్ప్‌బెర్రీ కలిపి చేస్తే మాత్రం చాలా బాగుంటుంది. దాని మీద ఏలకుల పొడి, జీడిపప్పు పలుకులు. మీ అత్తగారి కోసం ఇది ఒకసారి తప్పకుండా చెయ్.

పైపొడికి వద్దాం. ఆరుగురికి 900 గ్రాముల పండు, దాని మీదకి మైదా 200 గ్రాములు, చల్లటి వెన్న 100, పంచదార 100. ఇక్కడ ప్లెయిన్ ఫ్లోర్ అని ఉన్న ప్యాకెట్ తీసుకో, సెల్ఫ్ రైజింగ్ వద్దు, అది కేకులా ఉబ్బుతుంది. పండులో వేసే పంచదార దీనికి అదనం: బ్రామ్లీకి 80 గ్రాముల దాకా, రూబార్బ్‌కి 120 దాకా, బ్లాక్‌బెర్రీ కలిపితే కాస్త తక్కువ. రుచి చూసి వేసుకో.

ఇందులో వెన్న తక్కువ కావడానికి ఒక చరిత్ర ఉంది. క్రంబుల్ ఇంటింటి వంట అయింది రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో. 1940 జనవరిలో వెన్న, పంచదార రేషన్‌లోకి వెళ్లాయి. మనిషికి వారానికి వెన్న చాలాకాలం 2 ఔన్సులే, అంటే 57 గ్రాములు. పండుని కప్పే పేస్ట్రీ పొర చేయడానికి అంత కొవ్వు ఎక్కడ దొరుకుతుంది? ఉన్న కాస్త కొవ్వునీ పిండిలో రుద్ది పండు మీద చల్లారు. రేషన్ 1954 జులైలో పూర్తిగా పోయింది కానీ ఈ వంట నిలిచిపోయింది. నేను చెప్పిన 100 గ్రాముల వెన్న ఆ రోజుల్లో దాదాపు ఇద్దరి వారం రేషన్. అందుకే దీనికి ఖరీదైన సామాను కొనమని ఎవరు చెప్పినా వినకు.

వెన్న ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసి చిన్న ముక్కలు కోయి. వేళ్ల కొసలతోనే పిండిలో రుద్దు, అరచెయ్యి తగలనివ్వకు, ఆ వేడికి వెన్న కరిగి ముద్దవుతుంది. ముతక రవ్వలా అయ్యాక పంచదార కలిపి, చెంచాడు చల్లటి నీళ్లు చిలకరించి ఫోర్క్‌తో కదుపు. అక్కడక్కడా శనగ గింజంత ఉండలు కడతాయి. కరకరలాడేవి అవే. పండు మీద వేసే ముందు ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టు. వేశాక నొక్కకు, వదులుగా చల్లు.

ఇంకా కరకర కావాలంటే 50 గ్రాముల మైదా తగ్గించి ఆ స్థానంలో ఓట్స్ వెయ్. నిమిషంలో ఉడికే సన్నటివి కాదు, రేకుల్లా ఉండేవి. ఆపిల్, ప్లమ్‌లకి ఓట్స్ బాగా కుదురుతాయి. రూబార్బ్‌కి మాత్రం నేను ఓట్స్ వేయను, రెండు చెంచాల బొంబాయి రవ్వ వేస్తాను, పలుచగా గుల్లగా వస్తుంది. ఆపిల్ మీద హేజెల్‌నట్ దంచి వేస్తే ఆ వాసనకే పొరుగువాళ్లు తలుపు తడతారు. బాదం రేకులు, కొబ్బరి కోరు త్వరగా మాడిపోతాయి, చివరి పది నిమిషాల్లో చల్లు. పంచదారలో సగం డెమెరారా అనే ముతక గోధుమరంగు పంచదార అయితే పైన గాజులా పొర కడుతుంది. బెల్లం తురుము కూడా వాడొచ్చు, కానీ తడి లేని పొడి బెల్లమే.

వెన్న బదులు నెయ్యి వేయొచ్చా అని అడిగావు. వేయొచ్చు, 80 గ్రాములు చాలు, వెన్నలో నీరు ఉంటుంది, నెయ్యిలో ఉండదు. పేరుకున్న నెయ్యే వాడు. ఉండలు మాత్రం సరిగ్గా కట్టవు, ఇసుకలా రాలుతుంది. వాసన కోసం నాలుగో వంతు నెయ్యి, మిగతాది వెన్న. నా చేతికి అదే కుదిరింది.

ఓవెన్ 200 డిగ్రీలు, ఫ్యాన్ ఉంటే 180. ముప్పై అయిదు నుంచి నలభై అయిదు నిమిషాలు. పైన ఎర్రబడితే చాలదు, అంచుల దగ్గర పండు రసం బుడగలు వస్తూ పైకి తన్నాలి, అప్పుడే లోపల ఉడికినట్టు. గిన్నె కింద ట్రే పెట్టు, లేకపోతే రసం పొంగి ఓవెన్ అడుగున మాడుతుంది. పైపొడి తడిగా ముద్దగా వచ్చిందంటే రసం ఎక్కువైనట్టు. బెర్రీలు, ప్లమ్స్ వేసినప్పుడు పండుకి చెంచాడు కార్న్‌ఫ్లోర్ పట్టిస్తే రసం చిక్కబడుతుంది. ఫ్రీజర్ బెర్రీలైతే రెండు చెంచాలు, కరగనివ్వకుండానే వేసెయ్. తీశాక పావుగంట ఆగి వడ్డించు.

పక్కన కస్టర్డ్ పొయ్యి. బర్డ్స్ కస్టర్డ్ పొడి డబ్బా కొనుక్కో. 1837లో బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే కెమిస్ట్ భార్యకి గుడ్డు పడకపోవడం వల్ల కార్న్‌ఫ్లోర్‌తో కనిపెట్టాడు. మీ అత్తగారికి అచ్చంగా సరిపోతుంది. ఫ్రిజ్‌లో ఉండే రెడీమేడ్ కస్టర్డ్‌లో గుడ్డు సొన ఉండొచ్చు, లేబుల్ చదవకుండా కొనకు. డబ్బా మీద రాసిన దానికన్నా పాలు కాస్త ఎక్కువ పోసి జారుగా కాచు, చల్లారితే గట్టిపడుతుంది.

పైపొడి ఒకేసారి రెండింతలు చేసి సగం సంచిలో వేసి ఫ్రీజర్‌లో పెట్టు. ఎవరైనా చెప్పకుండా వస్తే కరిగించకుండా అలాగే పండు మీద చల్లి ఓవెన్‌లో పెట్టెయ్యొచ్చు. మొదటిసారి రూబార్బ్‌తోనే మొదలుపెట్టు, ఎలా వచ్చిందో ఫోటో పంపు, పైపొడి బాగా దగ్గరగా కనిపించేలా తియ్యి.

మీ పెద్దమ్మ