ఈత అంతంతమాత్రంగా వస్తే వాదీ షాబ్ చివరి గుహ దాకా వెళ్ళొచ్చా?

మస్కట్‌కి కొత్తగా వచ్చానని, ఈత కొద్దిగానే వచ్చని, వాదీ షాబ్ (ఒమన్‌లో కొండల మధ్య నీటి మడుగులున్న ఇరుకు లోయ) చివరి గుహ చూడాలని ఉందని రాశారు. నేను మూడుసార్లు వెళ్ళాను. మీరూ వెళ్ళగలరండి. కాకపోతే లైఫ్ జాకెట్ వేసుకోండి, బాగా ఈదగలిగే మనిషి ఒకరు పక్కన ఉండాలి.

సూర్ వెళ్ళే హైవేలో తీవి దగ్గర వంతెన కింద బండి ఆపుకోవాలి. పడవలో అవతలికి దాటిస్తారు. మేం వెళ్ళినప్పుడు రానూపోనూ మనిషికి ఒక రియాల్. తర్వాత ముప్పావుగంట పైనే నడక. మొదట్లో ఖర్జూరం చెట్లు, ఫలజ్ అనే సన్నటి నీటికాలవ. ఆపైన అన్నీ బండలే. తడిసిన రాళ్ళు నూనె రాసినట్టు జారతాయి. పట్టున్న షూ వేసుకోండి, నీళ్ళలోనూ విప్పకండి.

నేను మా ఊరి మోటబావిలో బెండు కట్టుకుని ఈత నేర్చుకున్నవాణ్ణి. బావిలో ఎటు తిరిగినా మెట్టు చేతికందేది. ఇక్కడ నడక అయ్యాక ఈదాల్సిన మడుగుల్లో కొన్నిచోట్ల నున్నటి రాతిగోడ తప్ప పట్టుకోవడానికి ఏమీ దొరకదు. అయితే మామూలు రోజుల్లో నీళ్ళు నిలకడగా ఉంటాయి, మధ్యమధ్య కాళ్ళు అందుతాయి. ఆయాసం వస్తే వెల్లకిలా తేలండి.

చివర్లో రెండు గోడలూ తల పట్టేంత సందుగా దగ్గరైపోతాయి. గడ్డం పైకెత్తి, అరచేతులు రాతికి ఆనించి జానెడు జానెడు జరగాలి. చెవులు నీళ్ళలో ఉంటాయి కాబట్టి మన ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినపడదు. సందు దాటితే గుహ, అందులో జలపాతం. పైనుంచి దిగే వెలుగులో నీళ్ళు లేతపచ్చగా ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు. ఇరుకంటే టెన్షన్ పడేవాళ్ళు సందు ముందే ఆగిపోవచ్చు. మా ఆవిడ అక్కడే ఆగింది, అదేం చిన్నతనం కాదు.

అసలు భయపడాల్సింది వానకి. ఎండాకాలం రాళ్ళు కాలిపోతాయని అందరం చలికాలమే వెళ్తాం, వానలు కూడా అప్పుడు పడుతుంటాయి. ఆ బోడికొండల మీద నీటిని పీల్చుకునే మట్టి లేదు. ఎక్కడో పైన కురిసిందంతా ఈ ఇరుకులోకే దూకుతుంది. మన నెత్తిన మాత్రం ఎండ కాస్తూనే ఉంటుంది.

రెండోసారి వెళ్ళినప్పుడు దారిలో ఒక పెద్దాయన కొండలకేసి చెయ్యి చూపించి "మతర్, మతర్" అన్నాడు. వాన అని. ఇంతదూరం వచ్చి వెనక్కి పోవడమా అని సణుక్కుంటూనే తిరిగాం. మేం పడవ దిగిన కాసేపటికి నీళ్ళు ఎర్రమట్టి రంగుకి మారాయి.

అందుకని ముందురోజే వాతావరణ హెచ్చరికలు చూసుకోండి. లోపల నీళ్ళు మసకబారినా, పుల్లలూ ఆకులూ కొట్టుకొస్తున్నా బ్యాగుల సంగతి వదిలేసి ఎత్తుకి ఎక్కెయ్యండి. అక్కడ మాకు ఫోన్ సిగ్నల్ అందలేదు. ఎన్నింటికి తిరిగొస్తారో రూమ్‌లో ఎవరికైనా చెప్పి బయల్దేరండి.