ఇండోనేషియా యువ చిత్రకారుల బొమ్మల వేలంలో 'చవక' అంటే ఎంత?

పెద్ద పేరున్నవాళ్లవి కాకుండా, ఇప్పుడిప్పుడే పైకొస్తున్నవాళ్ల బొమ్మలు పెట్టి, పాటను తక్కువ దగ్గర మొదలుపెట్టే వేలాలివి. ఈ చిత్రకారుల్లో చాలామంది జోగ్జకార్తా, బాండుంగ్ కళాశాలల్లో చదివినవాళ్లే.

ధర చూసి గాభరా పడకండి. కోటి ఇండోనేషియా రుపియాలంటే మన డబ్బులో 50 వేల పైచిలుకు, అంతే. ముందు సున్నాలు లెక్కపెట్టుకోండి!

అసలు మెలిక వేరే చోటుంది. సుత్తి పడిన ధర, అంటే పాట ముగిసిన ధర మీద వేలం సంస్థ కమీషన్ కలుస్తుంది. అది 20 శాతం అనుకుంటే, కోటికి పాడినవారు కట్టాల్సింది కోటీ 20 లక్షలు. పన్నులు, ప్యాకింగ్, రవాణా వేరే. చిన్న బొమ్మకైతే రవాణాయే బొమ్మ ధరను మించిపోవచ్చు. కాన్వాసును ఫ్రేము నుంచి విప్పి గొట్టంలో చుట్టి పంపుతారేమో పాటకు ముందే అడగండి.

రేపు ధర పెరుగుతుందా? జోగ్జకార్తాలోనే చదివిన చిత్రకారుడు న్యోమన్ మస్రియాది వేసిన బొమ్మ 2008లో హాంకాంగ్ వేలంలో సుమారు 10 లక్షల అమెరికన్ డాలర్లు పలికింది. అందరూ చూపించేది ఆ ఒక్క ఉదాహరణే, నేనైతే దాన్ని నమ్ముకుని పాడను.

కాన్వాసు వెనకవైపు ఫొటో కూడా తెప్పించుకోండి. అక్కడి తేమకు పట్టిన బూజు మచ్చలు ముందువైపు ఫొటోలో కనిపించకపోవచ్చు.