టెక్ సందేహాలు: పాత మైగ్రేషన్లను తీసిపారేయవచ్చా?

ప్రశ్న: రొయ్యల చెరువుల మేత, మందుల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్‌ను జాంగోలో (పైథాన్ భాషలోని వెబ్ ఫ్రేమ్‌వర్క్) రాశాం. ఆరేళ్లలో 214 మైగ్రేషన్ ఫైళ్లు, అంటే డేటాబేస్ టేబుళ్లలో చేయాల్సిన మార్పులు రాసి ఉండే ఫైళ్లు, పేరుకున్నాయి. వాటిలో సగం ఇప్పుడు లేని టేబుళ్లవే. టెస్టులు మొదలవడానికే పది నిమిషాలు పడుతోంది. అన్నీ తీసేసి కొత్తగా ఒక్కటే రాసుకోవచ్చా?
– ఒక డెవలపర్, భీమవరం

జవాబు: ఈ నెలలో ఇదే ప్రశ్న అడిగినవారిలో మీరు నాలుగోవారు. అందులో ఇద్దరు అన్నీ తీసేశాకే అడిగారు.

మీ దగ్గర ఫైలు పోయినా, కస్టమర్ డేటాబేస్ దాన్ని మరచిపోదు. నడిచిన ప్రతి మైగ్రేషన్ పేరూ అక్కడి ఒక టేబుల్‌లో రాసి ఉంటుంది. 180వ ఫైలు దగ్గర ఆగిన కస్టమర్ ఒకరున్నారనుకోండి. మీ కొత్త ఫైలుకు కొత్త పేరు పెడితే, ఉన్న టేబుల్‌నే మళ్లీ సృష్టించబోయి ఆగిపోతుంది. అది నయం, కనీసం తెలుస్తుంది. పాత మొదటి ఫైలు పేరే పెడితే, అది ఎప్పుడో నడిచిందనుకుని జాంగో ముందుకు పోతుంది. మిగిలిన 34 మార్పులు ఎప్పటికీ జరగవు. కౌంట్ ధర (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్కన వేసే ధర) వేయబోయిన రోజున కాలమ్ లేదని బయటపడుతుంది.

కాబట్టి ముందు ఏ కస్టమర్ ఎక్కడ ఉన్నారో జాబితా వేయండి. తర్వాత స్క్వాష్ చేయండి, అంటే పాతవాటిని ఒకే ఫైలుగా కుదించండి. కొత్త ఫైలులో అది ఏయే పాతవాటికి బదులో రాసి ఉంటుంది. ఒక విడుదల వరకు పాతవీ కొత్తదీ కలిపే పంపండి. అందరూ దాటారని తేలాకే పాతవి తీసేసి, ఆ బదులు జాబితానూ తొలగించండి. డెల్టాలో పూడిక తీసేది కాలువ కట్టేశాకే కదా.

నన్ను ఎక్కువ భయపెట్టేది పది నిమిషాల ఆలస్యం కాదు. మీరు జతచేసిన 12వ ఫైలు తెరిచి చూశాను. అది 'అడ్మిన్' పేరుతో ఒక ఖాతా సృష్టిస్తోంది. పాస్‌వర్డ్ మీ ఆఫీసు ఫోను నంబరు! ఆరేళ్లుగా మీరు పెట్టి ఇచ్చిన ప్రతి చోటా అదే తాళం, అదే చెవి. ఇలా పైథాన్‌లో రాసిన పనులను స్క్వాష్ చేశాక కొత్త ఫైలులోకి చేత్తో తెచ్చుకోవాల్సి వస్తుంది. అప్పుడు చాలామంది పాస్‌వర్డ్‌తో సహా భక్తిగా దించేస్తారు. ఫైలు తీసేసినా, కోడ్‌లోని ప్రతి మార్పునూ దాచే గిట్ చరిత్రలో ఆ పాస్‌వర్డ్ అలాగే ఉంటుంది. ముందు ప్రతి కస్టమర్ దగ్గరా ఆ పాస్‌వర్డ్ మార్చండి, తర్వాతే మిగతా పని. 37వ ఫైలులో రైతుల బ్యాంకు ఖాతా నంబర్లే ఉన్నాయి. వ్యక్తిగత డేటాకు తగిన రక్షణ లేకపోతే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చని మీ యజమానికి చెప్పండి.

ఇక అసలు నా కోపం, తెరవగానే అడగకుండా మైగ్రేషన్ నడిపే అప్‌డేట్ల మీద. పాలకొల్లు వైపు ఒక వ్యాపారి రొయ్యల పట్టుబడి రోజు సాయంత్రం కంప్యూటర్ ఆన్ చేశారు. అప్‌డేట్ మొదలైంది, మధ్యలో కరెంటు పోయింది. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ అయితే సగం పనిని వెనక్కి తీసుకునేది. ఆయనది మైఎస్‌క్యూఎల్. అందులో టేబుల్ మార్పులు ఎక్కడిదాకా జరిగితే అక్కడే ఉండిపోతాయి. బ్యాకప్ ఉందా అని అడిగాను. "ఉందండీ" అంటూ అదే కంప్యూటర్‌లోని ఇంకో డ్రైవ్ చూపించారు. తెరిచి చూస్తే, అది రెండేళ్ల నాటిది.