రెండో గేరులో కరకర శబ్దం ఎందుకు?

ప్రశ్న: సింహాచలం కొండ దిగేటప్పుడు కారును మూడో గేరు నుంచి రెండో గేరుకు మారిస్తే కరకరమంటోంది. తక్కిన గేర్లు సాఫీగానే పడుతున్నాయి. సింక్రో రింగ్ పోయిందని మెకానిక్ అంటున్నారు. అదేమిటి? గేర్ల పళ్లు అరిగిపోతున్నాయా?
– ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: గేర్ల పళ్ల గురించి దిగులు పడకండి. ముందుకు నడిపే గేర్లు ఎప్పుడూ జతగా కలిసే తిరుగుతుంటాయి. లివరుతో కదిలేది స్లీవ్ అనే పళ్ల కడియం. అది గేరు పక్కనున్న చిన్న పళ్ల మీదికి జరిగి, ఆ గేరును షాఫ్టుకు బిగిస్తుంది. మీకు వినిపిస్తున్నది ఆ చిన్న పళ్ల శబ్దం.

మూడో గేరు నిష్పత్తి 1.4, రెండోది 2.0 అనుకుందాం. చక్రాల వైపు షాఫ్టు నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంటే, క్లచ్ వైపు షాఫ్టు మూడో గేరులో 2100 చుట్లు, రెండో గేరులో 3000 చుట్లు తిరగాలి. క్లచ్ నొక్కి లివరు లాగే ఆ రెప్పపాటులో ఈ 900 చుట్ల తేడాను పూడ్చేది సింక్రో రింగే. సాధారణంగా ఇత్తడితో చేసే ఈ రింగు లోపలి సన్నని గాళ్లు నూనె పొరను చీల్చి, గేరు మీది కోన్‌ను ఒరుసుకుని, రాపిడితో రెండు వేగాలనూ కలుపుతాయి. అంతవరకూ రింగు కాస్త పక్కకు తిరిగి, తన పళ్ల మొనలతో స్లీవ్‌కు అడ్డుగా నిలుస్తుంది. వేగాలు కలిశాకే దారి ఇస్తుంది. ఈ అమరికలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది ఈ అడ్డగింతే. 1928లో కాడిలాక్ కార్లతో సింక్రోమెష్ రాకముందు, ఈ పనిని డ్రైవర్లే రెండుసార్లు క్లచ్ నొక్కి, మధ్యలో న్యూట్రల్‌లో క్లచ్ వదిలి యాక్సిలరేటర్ ఇచ్చి చేసుకునేవారు.

గాళ్లు అరిగితే నూనె పొర తెగదు, వేగాలు కలవకముందే స్లీవ్ దూసుకుపోతుంది. ఊళ్లో ఎక్కువగా వాడే గేరు కనుక రెండో దాని రింగు ముందుగా అరగడం మామూలే. అయినా గేర్ బాక్స్ విప్పించే ముందు, ఖాళీ రోడ్డు మీద ఆ పాత పద్ధతిలోనే గేరు మార్చి చూడండి. శబ్దం పోతే మెకానిక్ మాట నిజమే కావచ్చు. అన్ని గేర్లూ మొరాయించి, నిలిపిన కారులో రివర్స్ కూడా గీకితే మాత్రం ముందు క్లచ్‌ను చూపించాలి. అది పూర్తిగా విడవకపోతే కొత్త రింగు కూడా ఇంజనుతో పెనుగులాడి త్వరగా అరిగిపోతుంది.

గేర్ ఆయిల్ మాత్రం మాన్యువల్‌లో చెప్పినదే పోయించండి. జీఎల్-4 అని ఉన్నచోట జీఎల్-5 పోస్తే, అందులోని కొన్ని రసాయనాలు ఇత్తడిని తినేయవచ్చు.