పాఠకుల ప్రశ్నలు: 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో పాటలు, పద్యాలు

1954–55లో మూడు సంపుటాలుగా వచ్చిన టోల్కీన్ నవలలో అరవైకి పైగా పాటలు, పద్యాలు ఉన్నాయి. మాయ ఉంగరాన్ని నాశనం చేయడానికి ఫ్రోడో అనే హాబిట్ (పొట్టి జాతివాడు), అతని తోడు సామ్ చేసే ప్రయాణమే కథ. ఈసారి ఎంచుకున్న ప్రశ్నలన్నీ ఆ పాటల గురించే.

ప్రశ్న (కర్నూలు): ఈ నవల మొదటిసారి చదువుతున్నాను. కథ ఊపందుకునే సమయానికి ఏదో ఒక పాట అడ్డొస్తోంది. పాటలు వదిలేసి చదివితే కథ అర్థం కాకుండా పోతుందా?

జవాబు: కొన్నింటిని మొదటి చదువులో పక్కన పెట్టవచ్చు. అడవి దగ్గర ఉండే వింత వ్యక్తి టామ్ బాంబడిల్ పాడేవి అలాంటివే. అతని మామూలు మాటలు కూడా లయలోనే సాగుతాయి కాబట్టి, పాట వదిలినా ఆ మనిషి తీరు మీకు అందుతుంది.

కథను ముందుకు తోసే పాటలు వేరు. బ్రీ ఊరి సత్రంలో ఫ్రోడో బల్లెక్కి చందమామ మీద హాస్యపు పాట పాడుతూ గెంతి కింద పడతాడు. ఉంగరం వేలికి ఎక్కి, అందరి ముందూ మాయమవుతాడు. అదే సత్రంలో అందే మాంత్రికుడు గాండాల్ఫ్ ఉత్తరంలో ఎనిమిది పంక్తుల పద్యం ఒకటి ఉంది. మారుపేరుతో తిరిగే రాజవంశీకుడు అరగార్న్ ఎవరో గుర్తు పట్టడానికి అదే ఆనవాలు. శత్రువుల కిరిత్ ఉంగోల్ బురుజులో దారి తోచక కూలబడ్డ సామ్ తనలో తాను పాడుకోవడం మొదలుపెడతాడు. ఆ పాటకు పైనుంచి బదులు వినిపించబట్టే ఫ్రోడో ఎక్కడున్నాడో తెలుస్తుంది.

వెదర్‌టాప్ కొండ మీద అరగార్న్ పాడే తినూవియెల్ పాటను మాత్రం దయచేసి వదలకండి. అది మర్త్యుడైన బెరెన్, అమరజాతి ఎల్ఫ్‌ల కన్య లూథియెన్ల (తినూవియెల్ ఆమె పేరే) ప్రేమకథ. అరగార్న్, అతను ప్రేమించిన ఎల్ఫ్ యువతి ఆర్వెన్‌ల కథ కూడా అదే. నవలలో ఆర్వెన్ కనిపించేది చాలా తక్కువ. ఈ పాట చదవనివాళ్లకు చివర జరిగే పెళ్లి ఎక్కడినుంచో ఊడిపడినట్టు ఉంటుంది.

ఎల్ఫ్‌ల నివాసమైన రివెండెల్‌లో ఫ్రోడో పెద్దబంధువు బిల్బో పాడే, పాత గాథల నావికుడు ఎఆరెండిల్ పాట 124 పంక్తులు. విసుగనిపిస్తే ఆపి, సామ్, ఫ్రోడో కిరిత్ ఉంగోల్ మెట్ల మీద మాట్లాడుకునే చోటికి వచ్చాక వెనక్కి వెళ్లి చదవండి. ఎల్ఫ్ రాణి గలాద్రియెల్ ఇచ్చిన గాజు బుడ్డిలో ఉన్న వెలుగు ఆ ఎఆరెండిల్ నక్షత్రానిదేనని, తాము ఇంకా ఆ పాత కథలోనే ఉన్నామని సామ్‌కు తట్టేది అక్కడే.

ప్రశ్న (వరంగల్): దారి గురించిన పాట ఒకటి మళ్లీ మళ్లీ వస్తోంది. కానీ మాటలు అక్కడక్కడా తేడాగా ఉన్నాయి. అచ్చుతప్పా?

జవాబు: అచ్చుతప్పు కాదు, కావాలని చేసిన మార్పు. మొదటి అధ్యాయంలో ఇల్లు వదిలి వెళ్తూ బిల్బో పాడినప్పుడు ఆ పాటలోని పాదాలు ఉత్సాహంతో ఉరికేవి. మూడో అధ్యాయంలో ఫ్రోడో నోట అవే పంక్తులు వస్తాయి, పాదాలు మాత్రం అలసినవి. ఆ ఒక్క విశేషణంతో ఇద్దరి ప్రయాణాలకూ ఉన్న తేడా తెలిసిపోతుంది. ఒకరు ఇష్టపడి వెళ్లారు, ఇంకొకరికి బరువు నెత్తిన పడింది. చివరి భాగంలో ముసలివాడైన బిల్బో కునికిపాట్లు పడుతూ పాడేటప్పుడు పాట మలుపు తిరుగుతుంది. దారిని ఇతరులకు వదిలేసి తాను దీపం వెలిగే సత్రం వైపు మళ్లుతానంటాడు.

అనువాదాల్లో ఈ పాట పాడవడానికి కారణం ఒకటే. మూడుసార్లూ వేర్వేరు రోజుల్లో, వేర్వేరు పర్యాయపదాలతో అనువదిస్తారు. అప్పుడు అన్ని మాటలూ మారిపోతాయి, మారాల్సిన మాట కనబడదు. మూడు రూపాలనూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసుకుని, మారని పంక్తులను ముందుగా ఖాయం చేసి, ఆ తర్వాతే మారే మాటల జోలికి వెళ్లాలి.

ప్రశ్న (హైదరాబాద్): సరదాకి కొన్ని పద్యాలను తెలుగు ఛందస్సులోకి తెస్తున్నాను. నవలలోని రోహన్ రాజ్యపు గుర్రపురౌతుల పాటలకు ఉత్పలమాల ప్రయత్నించాను. పొసగడం లేదు. ఏ ఛందస్సు వాడాలి?

జవాబు: ద్విపద వాడండి. దీనికి గట్టి కారణమే ఉంది.

టోల్కీన్ ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచీన ఆంగ్లం బోధించిన ఆచార్యుడు. రోహన్ జనం యుద్ధానికి కదిలేటప్పుడు, చచ్చిపోయినవాళ్లను తలుచుకునేటప్పుడు పాడేవాటిని ఎక్కువగా ఆ పాత ఆంగ్ల ఛందస్సులోనే కట్టాడు. అందులో పంక్తి రెండు సగాలుగా ఉంటుంది. సగానికి రెండు చొప్పున నాలుగు ఊనికలు (ఒత్తి పలికే చోట్లు). కీలకం మూడో ఊనిక. దాని మొదటి హల్లుతో ఒకటో ఊనిక గానీ, రెండోది గానీ, రెండూ గానీ కలవాలి. నాలుగోది కలవకూడదు. అంత్యప్రాస అక్కర్లేదు.

ఇక ద్విపద చూడండి. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. మొత్తం నాలుగే. యతి మూడో గణం మొదటి అక్షరం మీద. ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి పాల్కురికి సోమనాథుడు! రెండు సంప్రదాయాలూ నాలుగు భాగాల పంక్తిని మూడోదాని తలమీదే ముడివేశాయి. పైగా పల్నాటి వీరచరిత్ర నడిచిన ఛందస్సు ఇది. గొంతెత్తి, నలుగురి ముందు, వీరగాథ చెప్పడానికి పుట్టింది.

రౌతుల పాట ధోరణి తెలియడానికి ఒక నమూనా (ఇది అనువాదం కాదు):

వేకువ జామున వీరులు లేచి
చీకటి తెరలను చీల్చిరి వడిగ

మొదటి పాదంలో భ, భ, భ, హ గణాలు. రెండోదాంట్లో భ, నల, భ, న. యతి వే–వీ, చీ–చీ. రెండో అక్షరం 'క' ప్రాస.

పొరపాటు జరిగేది ఇక్కడే. ఆంగ్లంలో హల్లు కలిస్తే చాలు, మనకు అచ్చు కూడా కలవాలి. పై పాదాన్ని 'వేకువ జామున వాహిని లేచి' అని మార్చితే గణాలు చెడవు, హల్లూ కలుస్తుంది, కానీ ఏ–ఆ మైత్రి లేదు కాబట్టి యతి తప్పింది. ఇ, ఈ, ఎ, ఏ ఒక జట్టు. అ, ఆ, ఐ, ఔ మరో జట్టు. ఉ, ఊ, ఒ, ఓ ఇంకో జట్టు. ఇంగ్లీషు పంక్తిలోని అనుప్రాస చెవిలో మోగుతుండగా రాస్తే ఈ తప్పు దొర్లుతుంది.

రెండో చిక్కు పేర్లది. రోహన్ రాజు పేరును 'థియోడెన్' అని రాస్తే లఘువు, గురువు, గురువు. లఘువు వెంటనే గురువుతో మొదలయ్యే ఇంద్రగణం గానీ సూర్యగణం గానీ లేదు. అందుకని ఆ పేరు ఏ గణానికీ మొదట కూర్చోదు, యతి స్థానానికి ఎప్పటికీ రాదు. వీరుడి పాటలో వీరుడి పేరు మీద యతి పడకపోవడం పెద్ద నష్టం. దాన్ని 'థేయొడెన్' అని రాయండి. మూలంలో మొదటి అచ్చు దీర్ఘమే కాబట్టి ఉచ్చారణకూ ఇదే దగ్గర. ఇప్పుడది గురువు, లఘువు, గురువు, అంటే చక్కటి రగణం. 'థే'కు త, థ, ద, ధలలో దేనితోనైనా యతి చెల్లుతుంది కనుక 'ధీరుడు', 'తేజి' లాంటి మాటలు అందుబాటులోకి వస్తాయి.

ఉత్పలమాల పొసగకపోవడం మీ లోపం కాదు. పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతి, ఏ అక్షరం గురువో ఏది లఘువో ముందే ఖాయం. ఈ బిగింపు సమాసాల వైపు నెడుతుంది, గుర్రపురౌతు నోట ప్రబంధ నాయకుడి మాట పలుకుతుంది. వృత్తాలను గోండోర్ రాజ్యాన్ని కీర్తించే చోటికి దాచుకోండి, అక్కడ ఆ దర్జా నప్పుతుంది. హాబిట్ల పాటలకు యతి కూడా వద్దు. మాత్రల నడకలో, అంత్యప్రాసతో, వాడుక మాటల్లో రాస్తే చాలు.

ఒక మినహాయింపు. గుర్రమేది, రౌతేడి అని అడుగుతూ సాగే ప్రసిద్ధమైన విలాపం 'ది వాండరర్' అనే ప్రాచీన ఆంగ్ల కావ్యంలోని ప్రశ్నల నుంచి పుట్టింది. అయినా నవలలో అది అంత్యప్రాసలతో నడుస్తుంది. దాన్ని ద్విపదలో పెట్టాలంటే పాదాల చివర కూడా ప్రాస వేయండి.

ప్రశ్న (విశాఖపట్నం): ఎల్ఫ్ భాషల్లో ఉన్న పాటలను పైకి ఎలా చదవాలి? వాటిని అనువదించాలా?

జవాబు: నవల అనుబంధంలో టోల్కీన్ చెప్పిన ఊనిక సూత్రం తెలుగువాళ్లకు నిమిషంలో వస్తుంది. రెండక్షరాల మాటలో దాదాపు ఎప్పుడూ మొదటిదాని మీద ఊనిక. అంతకన్నా పొడుగు మాటలో చివరినుంచి రెండో అక్షరం గురువైతే దాని మీద, లఘువైతే దానికి ముందుదాని మీద. గురువంటే మనం అనుకునేదే: దీర్ఘమో, సంధ్యక్షరమో, తర్వాత రెండు హల్లులు ఉన్నదో. ఇసిల్దుర్‌లో 'సి' తర్వాత రెండు హల్లులున్నాయి, కనుక ఊనిక 'సిల్' మీద. నమారియెలో 'రి' లఘువు, అందుకని 'మా' మీద. థ, ధ లాంటి ధ్వనులను ఇంగ్లీషులో రెండక్షరాలతో రాసినా ఒక్క హల్లుగానే లెక్కించాలి. అందువల్ల డెనెథోర్‌లో ఊనిక మొదటి అక్షరం మీద పడుతుంది.

అనువాదం విషయంలో రచయిత చేసినట్టే చేయండి. లోరియెన్‌లో గలాద్రియెల్ పాడే నమారియెకు నవలలోనే వెంటనే వచనంలో అర్థం ఉంది. మూలాన్ని తెలుగు లిపిలో ఉంచి, కింద అర్థం తెలుగులో ఇవ్వండి. రివెండెల్‌లో వినిపించే, నక్షత్రాల దేవత ఎల్బెరెత్ స్తుతికి మాత్రం నవలలో అర్థం లేదు. ఫ్రోడోకు అది వినబడినట్టే పాఠకుడికీ వినబడాలి. అర్థం కావాలనుకునేవాళ్లకు 1967లో డొనాల్డ్ స్వాన్ స్వరపరచిన పాటల పుస్తకంలో టోల్కీన్ స్వయంగా ఇచ్చిన వివరణ ఉంది.

ప్రశ్న (గుంటూరు): సినిమాలో గోండోర్ పాలకుడు డెనెథోర్ భోజనం చేస్తుండగా హాబిట్ పిప్పిన్ పాడే పాట నవలలో ఎక్కడ ఉంది?

జవాబు: మాటలు తొలి భాగం మూడో అధ్యాయంలో హాబిట్లు నడుస్తూ సంబరంగా పాడుకునే పాట చివరి చరణం నుంచి వచ్చినవి. బాణీ పిప్పిన్ పాత్ర వేసిన బిల్లీ బోయిడ్‌దే. నవలలో నీకు పాడటం వచ్చా అని డెనెథోర్ అడుగుతాడు గానీ, పాడమని ఆజ్ఞాపించడు.

ప్రశ్న (తిరుపతి): నా అనువాదాలను పుస్తకంగా వేయవచ్చా?

జవాబు: హక్కుదారుల అనుమతి లేకుండా వేయకూడదు. టోల్కీన్ 1973లో మరణించారు. మన దేశంలో రచయిత మరణం తర్వాత అరవై ఏళ్ల దాకా హక్కులుంటాయి, ఆ లెక్క మరుసటి ఏడాది మొదటినుంచి మొదలవుతుంది. అంటే 2033 చివరి వరకు. అనువాద హక్కు కూడా అందులో భాగమే. సాధన కోసం రాసుకోవడానికి అడ్డేమీ లేదు. అచ్చుకు వెళ్లేముందు మాత్రం మూల ప్రచురణకర్తకు రాసి, అనుమతి కాగితం మీద తీసుకోండి.